మా సంస్థకు ఏ నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ సరిపోతుంది? మూడు కొటేషన్లు వచ్చాయి, నిర్ణయం కుదరడం లేదు

తోటపల్లి_తీరం | సోమవారం, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. నెల్లూరు జిల్లా తోటపల్లిగూడూరు మండలం తీరంలో ఒక రొయ్యల హేచరీలో (రొయ్య పిల్లల్ని పుట్టించి పెంచే చోటు) పరిపాలన వ్యవహారాలు చూస్తాను. మొత్తం 64 మందిమి. మా సీనియర్ టెక్నీషియన్ గారు సంక్రాంతికి పని మానేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. టైగర్ రొయ్య కాలం నుంచి ఈ పనిలో ఉన్న మనిషి. 2009లో వనామికి అనుమతి వచ్చాక ఆ కొత్త రొయ్య పద్ధతులన్నీ మాకు నేర్పింది ఆయనే. ఆయనకు తెలిసిన దానిలో కొంత నల్ల అట్ట డైరీల్లో ఉంది. కొంత మా వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడో అడుగున పడి ఉంది. మిగిలినదంతా ఆయన తలలోనే ఉంది.

పోయిన నెల జరిగింది చెబుతాను. రాత్రి రెండు గంటలకు ఒక ట్యాంకులో జోయా దశలో (గుడ్డు నుంచి వచ్చాక తొలి రోజుల్లోని ఒక దశ) ఉన్న రొయ్య పిల్ల నీరసించింది. పాళీలో ఉన్న కుర్రాడు భయపడి గ్రూపు మొత్తం వెతికాడు. రెండేళ్ల క్రితం సరిగ్గా ఇదే సమస్యకు సీనియర్ గారు వాయిస్ మెసేజ్ పెట్టారని మా అందరికీ గుర్తుంది. అది ఎవరికీ దొరకలేదు. ఆయనకు ఫోను చేస్తే నిద్రలో ఉండి ఎత్తలేదు. తెల్లవారేసరికి ట్యాంకులోని పిల్లంతా పోయింది.

అప్పుడు మా యజమాని "ఖర్చయినా ఫరవాలేదు, ఏదో ఒక సిస్టమ్ పెట్టించు" అన్నారు. పనిలో తెలిసినవన్నీ ఒకచోట పెట్టి, కావలసినప్పుడు వెతుక్కునే సాఫ్ట్‌వేర్‌కు మూడు కొటేషన్లు తెప్పించాను. ఒకటి పెద్ద కంపెనీది, మనిషికి ఇంత అని నెలనెలా అద్దె. రెండోది మన కోసం ప్రత్యేకంగా తయారు చేసి ఇస్తామన్నది. మూడోది ఉచిత సాఫ్ట్‌వేర్, పెట్టి ఇచ్చినందుకు ఊళ్లో కుర్రాడికి కూలి ఇస్తే చాలు. ముగ్గురూ చూపించిన డెమోలు బాగానే ఉన్నాయి. దేన్ని చూసి ఎంచుకోవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

గెలాక్సీరాయి | సోమవారం, మధ్యాహ్నం 1:05

అన్నా, కొటేషన్లను ఒక పక్కన పెట్టి ముందు మా సంగతి వినండి. చీమకుర్తిలో గ్రానైటు పాలిషింగ్ యూనిట్ మాది. నల్లరాయిలో బంగారు చుక్కలుండే గెలాక్సీ మీ అందరికీ తెలిసిందే. మేము మూడేళ్ల క్రితం ఇలాంటి సిస్టమే కొన్నాం. ప్రారంభోత్సవానికి కొబ్బరికాయ కొట్టాం, రెండు రోజులు శిక్షణ ఇప్పించాం, ఒక్కొక్కరూ వారానికి రెండు పేజీలు రాయాలని నియమం పెట్టాం. మొదటి నెల రాశారు. ఏం రాశారంటే "యంత్రాన్ని శుభ్రంగా ఉంచవలెను", "భద్రతా నియమాలు పాటించవలెను". అవి ఎవరికి కావాలి? నాలుగో నెలకు దాని పాస్‌వర్డు కూడా ఎవరికీ గుర్తులేదు. డబ్బు మాత్రం ఏడాదికి సరిపడా ముందే కట్టేశాం.

అదే సమయంలో మా పాలిషింగ్ లైన్ దగ్గర కరెంటు ప్యానెల్ తలుపు లోపలి వైపు సుద్దముక్కతో ఒక పట్టిక ఉండేది. ఏ క్వారీ బ్లాకుకు ఎన్నో నంబరు పాలిషింగ్ రాయి దగ్గర ఎంత ఒత్తిడి పెట్టాలో, బెల్టు ఎంత నెమ్మదిగా నడపాలో ఆపరేటర్లు తమలో తాము రాసుకున్నారు. పాళీ మారిన ప్రతిసారీ కొత్తగా వచ్చినవాడు ముందు ఆ తలుపు తెరిచి చూసేవాడు. పొరపాటు ఉంటే తుడిచి దిద్దేవాడు. మా మేనేజర్లకు అది ఉన్నట్లే తెలియదు. ప్యానెల్‌కు రంగు వేయించినప్పుడు అది పోయింది. తర్వాత పదిహేను రోజులు స్లాబులకు మెరుపు సరిగా రాలేదు. అప్పుడు తెలిసింది మాకు.

అందుకే అడుగుతున్నాను: మీ హేచరీలో అలాంటి తలుపు ఎక్కడుంది? ముందు దాన్ని వెతకండి.

గ్రంథపాలిక_ఒంగోలు | సోమవారం, సాయంత్రం 6:40

గెలాక్సీరాయి గారి సుద్దముక్క పట్టిక గురించి చదివి చాలాసేపు ఆలోచించాను. నేను డిగ్రీ కళాశాలలో లైబ్రేరియన్‌ని. 1931లో రంగనాథన్ గారు చెప్పిన గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. మీ సమస్య అదే. మీ వాళ్లు రాయలేదనడానికి లేదు, వాయిస్ మెసేజ్ పెట్టారు కదా. అవసరమైన మనిషికి అవసరమైన వేళ అది చేతికి రాలేదు, అంతే.

కాబట్టి సిస్టమ్ ఎంపికకు ముందు ఒక వారం పాటు ఒక పని చేయండి. మీ సంస్థలో ఎవరు ఎవరిని ఏమి అడిగినా ఒక పుస్తకంలో రాయించండి. ఎవరు అడిగారు, ఎన్ని గంటలకు, ఎవరిని అడిగారు, జవాబు దొరికిందా లేదా. ప్రశ్నను వాళ్ల మాటల్లోనే రాయాలి, మీరు దిద్దవద్దు. మా లైబ్రరీలో పిల్లలు "ఆ ఎర్ర అట్ట లెక్కల పుస్తకం" అని అడుగుతారు. కేటలాగులో ఎర్ర అట్ట అని ఎక్కడా ఉండదు. ఆ తేడా ఎంత ఉందో మీ వారం లెక్క చెబుతుంది. ఆ లెక్క చేతిలో ఉంటే కొటేషన్ ఇచ్చినవారిని మీరే ప్రశ్నలు అడగగలుగుతారు.

కావలి_కోడరు | సోమవారం, రాత్రి 9:15

మేడం చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. నేను సాఫ్ట్‌వేర్ పక్కనుంచి కొన్ని మాటలు చెబుతాను.

ఉచితంగా దొరికే వాటిలో మీడియావికీ ఉంది, వికీపీడియా నడిచేది దాని మీదే. చాలా శక్తిమంతమైనది, కానీ చిన్న సంస్థకు నిర్వహణ బరువు. డోకువికీ పేజీలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా దాస్తుంది, డేటాబేస్ అక్కరలేదు. రేపు అది వద్దనుకున్నా ఫోల్డర్ కాపీ చేసుకుంటే మీ రాతలు మీ దగ్గరే ఉంటాయి. బుక్‌స్టాక్‌లో అరలు, పుస్తకాలు, అధ్యాయాలు, పేజీలు అనే అమరిక ఉంటుంది. కంప్యూటర్ పెద్దగా తెలియనివారు కూడా దారి తప్పరు. కాన్‌ఫ్లుయెన్స్, నోషన్ వంటివి అద్దె పద్ధతి. మీ కార్యాలయం ఇప్పటికే మైక్రోసాఫ్ట్ ఖాతాల మీద నడుస్తుంటే షేర్‌పాయింట్ కూడా చూడవచ్చు.

మనిషికి ఇంత అని అద్దె కట్టే చోట ఒక ప్రమాదం ఉంది. ఖర్చు తగ్గించడానికి పదిమందికి కలిపి ఒకే లాగిన్ ఇస్తారు. అప్పుడు ఏ మాట ఎవరు రాశారో తెలియదు. రాసిన మనిషి తెలియకపోతే ఆ రాతను నమ్మే మనిషి ఉండడు.

అన్నిటికంటే ముఖ్యం, తెలుగులో వెతకడం. డెమోలో వాళ్లు ఇంగ్లిష్ మాట కొట్టి చూపిస్తారు. మీరు వాళ్ల ముందే "నీరు" అని కొట్టండి. పేజీలో "నీటిలో", "నీళ్లకు" అని ఉంటే చాలా సిస్టమ్‌లకు అవి వేరే మాటలు. మన విభక్తులు మాటను అంతగా మార్చేస్తాయి. "ట్యాంకు" అని వెతికితే "ట్యాంకులో" దొరకవచ్చు, మొదటి అక్షరాలు అవే కాబట్టి. "నీరు"కు ఆ అదృష్టం లేదు. తర్వాత పాత పత్రాల సంగతి. అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో కొట్టించిన కాగితాలు మీ దగ్గర ఉంటే కంటికి తెలుగులా కనిపిస్తాయి గాని కంప్యూటర్‌కు అది తెలుగు కాదు. కంప్యూటర్లన్నిటికీ అర్థమయ్యే యూనికోడ్‌కు మార్చేదాకా ఏ వెతుకులాటకూ అందవు. డైరీల ఫోటోలు తీసి పెట్టేస్తే చాలనుకోవద్దు, చేతిరాతను యంత్రం చదవడం ఇంకా నమ్మదగ్గట్టు లేదు. ఎవరో ఒకరు కూర్చుని ఫోనులో తెలుగులో చదివి, మాటలను రాతగా మార్చి, తప్పులు దిద్దాలి.

నాణ్యత_విభాగం | మంగళవారం, ఉదయం 8:30

ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నాణ్యత చూస్తాను. ఎవరైనా దిద్దగలిగే వికీని ఆహార పరిశ్రమలోకి తేవడం ప్రమాదం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషేధించిన యాంటీబయాటిక్‌ల జాడ తగిలితే విదేశంలో కంటైనర్ తిప్పి పంపిస్తారు. హేచరీలో వాడిన మందు తర్వాత మా దగ్గర పరీక్షలో బయటపడుతుంది. అలాంటప్పుడు ఎవరో అనుభవంతో "ఫలానా మందు వేస్తే తగ్గింది" అని రాసి పెడితే, అది చూసి ఇంకొకరు వేస్తే ఎవరు బాధ్యులు? మా దగ్గర ప్రతి విధానపత్రానికీ నంబరు, తేదీ, సంతకం ఉంటాయి. పాతది వెనక్కి తీసుకోకుండా కొత్తది ఇవ్వం.

జ్ఞాన నిర్వహణ ముఖ్యం కాదని నేననడం లేదు. నాణ్యత నిర్వహణకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9001లో 2015 కూర్పు నుంచి సంస్థకు కావలసిన జ్ఞానాన్ని గుర్తించి కాపాడుకోవాలని 7.1.6 క్లాజులో ప్రత్యేకంగా పెట్టారు. 2018లో జ్ఞాన నిర్వహణకే ఐఎస్ఓ 30401 అని విడి ప్రమాణం వచ్చింది. కాని పద్ధతి లేకుండా కాదు.

కావలి_కోడరు | మంగళవారం, ఉదయం 9:10

మీ భయం న్యాయమైనదే. కాని ప్రతి చిన్న అనుభవానికీ ముగ్గురి సంతకాలు కావాలంటే ఎవరూ రాయరు, మళ్లీ వాట్సాప్‌కే పోతారు. అక్కడ తేదీ, సంతకం, దిద్దుబాటు ఏవీ ఉండవు. అది ఇంకా ప్రమాదం కాదా?

జిరాక్స్ కంపెనీలో 1990ల్లో యురేకా అని ఒకటి నడిపారు. ఊరూరా తిరిగి యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్లు తమకు తట్టిన చిట్కాలు అందులో రాసేవారు. అనుభవజ్ఞులు పరీక్షించి ఒప్పుకున్నాకే అందరికీ కనిపించేది. చిట్కా పక్కన రాసినవారి పేరు ఉండేది. రాయడం తేలిక, పైకి రావడానికి మాత్రం వడపోత. మనకు కావలసింది అలాంటిదే.

నాణ్యత_విభాగం | మంగళవారం, ఉదయం 11:25

అలాగైతే ఒప్పుకుంటాను. ఒక షరతు: మందులు, రసాయనాల మోతాదులు ఆ అనుభవాల పేజీల్లో ఉండకూడదు. అవి నంబరున్న విధానపత్రంలోనే ఉండాలి, పేజీలో దానికి లింకు మాత్రమే. సిస్టమ్ ఎంచుకునేటప్పుడు ఒక పేజీని ఆమోదించేదాకా దాచి ఉంచగలదా, పాత రూపం ఏమిటో తర్వాత చూపగలదా అని తప్పక అడగండి.

రాత్రిపాళీ | మంగళవారం, మధ్యాహ్నం 3:50

నేను నెల్లూరులో ఆసుపత్రి నర్సుని. పైవారు తేదీ గురించి అన్నారు కాబట్టి ఒక మాట. నేను మునుపు పనిచేసిన ఒక వార్డులో గోడకు ఇంజెక్షన్ కలిపే పట్టిక లామినేట్ చేసి అంటించి ఉండేది. కొత్త సీసాల గాఢత మారిన సంగతి అందరికీ చెప్పారు, పట్టిక మాత్రం తీయలేదు. కొత్తగా చేరిన అమ్మాయి దాన్ని చూసే లెక్క వేసింది. పక్కనున్న సిస్టర్ సీసా మీద చదివి ఆపింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ అమ్మాయి చేతులు వణకడం నాకు ఇప్పటికీ గుర్తుంది. లామినేషన్ చేసి ఉంటే మనకు అది శాశ్వతమని అనిపిస్తుంది.

అందుకని ప్రతి పేజీకి ఒక యజమాని, ఒక గడువు ఉండాలి. గడువు దాటితే పేజీ పైన ఎర్రగా కనిపించాలి. మీరు చూస్తున్న మూడింటిలో ఏది ఆ పని చేస్తుందో అడగండి. ఇంకొకటి, ఆసుపత్రుల వారు ఎవరైనా ఇది చదువుతుంటే, రోగుల వివరాలు ఇలాంటి వాటిలో అసలు పెట్టవద్దు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం రాకముందు కూడా అది తప్పే.

తోటపల్లి_తీరం | తర్వాతి మంగళవారం, రాత్రి 8:00

వారం రోజులు ప్రశ్నల పుస్తకం పెట్టాం. 61 ప్రశ్నలు వచ్చాయి. నా అంచనాలన్నీ తలకిందులయ్యాయి. నేను వ్యాధుల గురించి ఎక్కువ అడుగుతారనుకున్నాను. సగానికి పైగా నీళ్ల శుద్ధి, మోటార్ల గురించే. కొన్ని ఉన్నవి ఉన్నట్లు:

"క్లోరిన్ పోయిందని ఎప్పుడు నమ్మాలి? చుక్కలు వేస్తే కొంచెం పచ్చగా ఉంది, పోయినట్టా లేనట్టా?"

"బ్లోయర్ ఆగితే జనరేటర్ అందుకునేలోపు మొదట ఏ ట్యాంకు చూడాలి?" (బ్లోయర్ అంటే ట్యాంకుల్లోకి గాలి పంపే యంత్రం.)

"వానపడ్డాక ఏరు నీళ్లు ఎన్ని రోజులు తోడకూడదు?"

అరవై ఒకటిలో 38 ప్రశ్నలు రాత్రి పది దాటాక వచ్చినవే. 40కి పైగా ఒకే మనిషికి వెళ్లాయి, మా సీనియర్ గారికి. ఆయన ఎన్నేళ్లుగా సరిగా నిద్రపోలేదో ఆ పుస్తకం చూసేదాకా మాలో ఎవరికీ తట్టలేదు.

గెలాక్సీరాయి అన్నా, మా తలుపు కూడా దొరికింది. ఆల్గే (పిల్లకు మేతగా పెంచే సూక్ష్మమైన నాచు) గదిలో ఫ్రిజ్ పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసిన అంకెలు ఉన్నాయి. ఏ నెలలో ఏ డబ్బా ఎన్ని రోజులకు చిక్కబడుతుందో అక్కడ పనిచేసే అమ్మ రాసుకున్నది. ముందు ఫోటో తీయించాను. ఆ గోడకు సున్నం వేయవద్దని చెప్పాను.

ఉప్పునీళ్లు | బుధవారం, ఉదయం 5:30

చాలా రోజులుగా చదువుతూ ఊరుకున్నాను. కొత్తపట్నం వైపు హేచరీల్లో పనిచేసి మానుకున్నవాణ్ని. 1994, 95ల్లో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకు చెరువులు ఖాళీ అయినప్పుడు చూసినవాళ్లలో ఒకణ్ని. అప్పుడు మేము నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ లేదు. మానేసేటప్పుడు శాలువా కప్పారు. మీకు తెలిసింది చెప్పి వెళ్లమని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నెల రోజులు జీతం లేకుండా కూర్చుని చెప్పేవాణ్ని. మీరు అడుగుతున్నారు కాబట్టి సంతోషంగా ఉంది.

అయితే నాయనా, "రాసి ఇవ్వండి" అంటే మీ సీనియర్ రాయలేడు. చేతకాక కాదు. తనకు ఏమి తెలుసో తనకే తెలియదు. జోయాను బీకరులో తీసుకుని టార్చి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటాం. ఒక్కొక్క పిల్ల వెనక సన్నని దారం వేలాడుతుంటుంది, అది దాని మలం. దారం పొడుగ్గా ఉంటే మేత తింటోందని. తెగిపోయి పొట్టిగా ఉంటే, లేదా అసలు లేకపోతే, పిల్ల నీరసించడానికి ముందే మాకు తెలిసిపోతుంది. ఇది నేను ఇప్పుడు నాలుగు ముక్కల్లో చెప్పాను. కాని ఎంత పొడుగు ఉంటే పొడుగు? బీకరు ఎంతసేపు కదలకుండా పట్టాలి? అది పక్కన నిలబడి చూస్తేనే వస్తుంది. మీ కుర్రాడికి ఆ రాత్రి కావలసింది ఇదే అనుకుంటాను.

గ్రంథపాలిక_ఒంగోలు | బుధవారం, ఉదయం 10:15

అయ్యా, మీ మాట చదివి కళ్లు చెమర్చాయి. మీరు చెప్పినదానికి జపాన్‌లో సరిగ్గా ఇలాంటి ఉదాహరణ ఉంది. 1985 ప్రాంతంలో మత్సుషిత (ఇప్పటి పానసోనిక్) కంపెనీ ఇంట్లో రొట్టె చేసే యంత్రం తయారు చేస్తుంటే పిండి ఎంత ప్రయత్నించినా సరిగా కలవలేదు. వారి ఉద్యోగిని ఒకరు ఒసాకాలో మంచి రొట్టెకు పేరున్న హోటల్ వంటవాడి దగ్గర శిష్యరికం చేశారు. అతను పిండిని లాగుతూ మెలి తిప్పుతున్నాడని చూసి తెలుసుకున్నారు, ఆ మెలికనే యంత్రంలో పెట్టారు. అడిగితే అతను చెప్పగలిగేవాడు కాదేమో. మన ఉదయగిరి చెక్క చెంచాల పనివారి చేతి ఒడుపు కూడా అంతే కదా. అందుకే మీరు ఎంచుకునే సిస్టమ్‌లో వీడియో, ఫోటో, గొంతు పెట్టడం రాత పెట్టినంత తేలికగా ఉండాలి. ప్రతి పేజీలోనూ "ఇది ఎవరికి బాగా తెలుసు" అన్న గడి ఉండాలి. కొన్ని ప్రశ్నలకు సరైన జవాబు ఒక మనిషి పేరే.

గెలాక్సీరాయి | బుధవారం, మధ్యాహ్నం 12:40

తుఫాన్ల సంగతి కూడా చూసుకోండి అన్నా. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, హైవే మీద రాకపోకలు ఆగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ మన వైపు కరెంటు, సిగ్నల్ ఇబ్బంది పెట్టాయి. బ్లోయర్ ఆగితే ఏం చేయాలన్న పేజీ ఇంటర్నెట్ ఉంటేనే తెరుచుకుంటుందంటే ఏం లాభం? అలాంటి పది పేజీలు అచ్చు తీసి, తేదీ వేసి, గోడకు పెట్టండి. రాత్రిపాళీ మేడం చెప్పినట్లు గడువు దాటగానే తీసేయండి. మొత్తం కాపీ ఒకటి హేచరీకి దూరంగా మరోచోట ఉండాలి.

తోటపల్లి_తీరం | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:45

ఆలస్యానికి మన్నించండి. నిర్ణయం అయింది, ఎలా అయిందో చెబుతాను.

61 ప్రశ్నల్లోంచి 20 తీసి, వాటి జవాబులను మూడు సిస్టమ్‌లలోనూ పెట్టించాం. ఇద్దరు రాత్రిపాళీ కుర్రాళ్లకు వాళ్ల ఫోన్లే ఇచ్చి ట్యాంకుల దగ్గర నిలబెట్టాం, తడి చేతులతోనే. ఒక్కో ప్రశ్నకు రెండు నిమిషాలు. పెద్ద కంపెనీది చూడటానికి అందంగా ఉంది, కాని ఆ మూల సిగ్నల్‌కు పేజీ తెరుచుకోవడానికే సమయం పోయింది. 20లో 9 దొరికాయి. ప్రత్యేకంగా తయారు చేస్తామన్నవారిని "రేపు మేము మానేస్తే మా రాతలన్నీ ఏ రూపంలో ఇస్తారు?" అని అడిగాను. సూటిగా జవాబు రాలేదు, అక్కడే వదిలేశాను. మూడోది బుక్‌స్టాక్. మా ఆఫీసు కంప్యూటర్‌లోనే పెట్టాడు కాబట్టి ఇంటర్నెట్ లేకపోయినా హేచరీ వైఫైలో తెరుచుకుంటుంది. మొదటిసారి 12 దొరికాయి. దొరకనివి ఎందుకు దొరకలేదో చూస్తే అంతా మాటల తేడా. పేజీలో "సెలైనిటీ" అని ఉంది, కుర్రాడు "ఉప్పు" అని కొట్టాడు. పేజీలో "పీఎల్" (పోస్ట్ లార్వా, అంటే అమ్మకానికి సిద్ధమైన పిల్ల) అని ఉంది, వాళ్లు "సీడు" అని వెతికారు. ప్రతి పేజీ శీర్షికను ప్రశ్నల పుస్తకంలో ఉన్న మాటలతోనే మార్చి, అడుగున మిగతా పేర్లన్నీ ట్యాగులుగా పెట్టాం. మళ్లీ చూస్తే 18.

ఇది ఉచితం అని మా యజమాని సంతోషించారు. ఉచితం కాదని చెప్పాను. ల్యాబ్ సహాయకురాలికి రోజూ రెండు గంటలు ఈ పనికే కేటాయించాలని, ఆ రెండు గంటలు ఆమె మిగతా పని వేరేవారికి ఇవ్వాలని రాతపూర్వకంగా ఒప్పించాను. ఆమోదం లేని పేజీలు విడిగా ఒక అరలో, అందరికీ కనిపించకుండా ఉంటాయి. వారానికోసారి టెక్నీషియన్ చూసి పైకి తెస్తారు. గడువు చూపే ఏర్పాటు అందులో నేరుగా లేదు, ప్రస్తుతానికి ట్యాగుగా నెల పేరు వేస్తున్నాం. మోతాదులు పాత ఫైలులోనే, నాణ్యత_విభాగం గారు చెప్పినట్లు.

ఒకటి మాత్రం ఇంకా కుదరలేదు. సీనియర్ గారిని కెమెరా ముందు కూర్చోబెడితే నాలుగు మాటలకు మించి రావడం లేదు. "ఏముంది, అందరికీ తెలిసిందే కదా" అంటున్నారు.

ఉప్పునీళ్లు | ఆదివారం, రాత్రి 7:20

ఒంటరిగా కూర్చోబెడితే ఎవరికైనా మాట రాదు. ఆయన పక్కన నాలాంటి ముసలివాడు ఒకడు ఉంటే "ఆ ఏడాది నువ్వేం చేశావు" అంటే "నువ్వేం చేశావు" అని మాట మాటను లాగుతుంది. నేను బుధవారం తెల్లవారుజామున అయిదుకు వస్తాను, మేత వేసే వేళకు. కెమెరాను దూరంగా పెట్టి ఎవరూ దాని గురించి మాట్లాడవద్దు. బీకరు, టార్చి సిద్ధంగా ఉంచండి. ఆ రాత్రి ట్యాంకు పోగొట్టుకున్న కుర్రాణ్ని మా ఇద్దరి మధ్య నిలబెట్టండి.

తోటపల్లి_తీరం | ఆదివారం, రాత్రి 7:35

తప్పకుండా అయ్యా. నెల్లూరు బస్టాండుకు బండి పంపిస్తాను. మీ ఇద్దరికీ టిఫిను మా ఇంటి నుంచే తెస్తాను.